ప్రింట్ చేసిన మెటల్ పార్ట్‌కి యూటీ: గరుకు సర్ఫేస్ మీదే చేయాలా, మెషినింగ్ చేయించాలా, సీటీకి పంపాలా?

జాబ్ (పరీక్షించాల్సిన పార్ట్) టేబుల్ మీదకి వచ్చింది. టైటానియం, పౌడర్ బెడ్ మెషిన్‌లో (పల్చగా పరిచిన మెటల్ పౌడర్‌ని లేయర్ లేయర్‌గా కరిగించేది) ప్రింట్ చేసింది, వేలు పెట్టి రాస్తే ఎమిరీ పేపర్‌లా తగుల్తోంది. డ్రాయింగ్‌లో కింద ఒక లైన్, అల్ట్రాసోనిక్ టెస్టింగ్ (యూటీ, అంటే సౌండ్ పంపి లోపలి లోపాలు వెతకడం) చేయాలి అని. అంతే, ఏ సర్ఫేస్ మీద, ఏ ఫ్రీక్వెన్సీ, మెషినింగ్‌కి ముందా తర్వాతా, ఏమీ లేదు. ఈ పరిస్థితిలో ఎక్కువమంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు, ఒకటి గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే నాబ్) పెంచుకుంటూ పోవడం, రెండోది "ఇంత గరుకు మీద యూటీ అవ్వదండీ, సీటీకి (ఎక్స్‌రే స్కాన్‌కి) పంపండి" అని చేతులెత్తేయడం. రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం, ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

నేను మొదట అడిగే ప్రశ్న సర్ఫేస్ ఎంత గరుకుగా ఉంది అని కాదు, మీరు వెతికే లోపం ఎంత లోతులో ఉంటుంది అని. లోపలికి పోయిన లోపమైతే గరుకు మనం భయపడినంత నష్టం చేయదు. సర్ఫేస్‌కి మిల్లీమీటర్ లోపల ఉన్న లోపమైతే కొంచెం గరుకు కూడా మొత్తం చెడగొడుతుంది. ఈ తేడా పట్టుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

## ముందు తేల్చుకోవాల్సినవి

లోపం ఏంటి, ఎటు తిరిగి ఉంది. పౌడర్ బెడ్ ప్రింటింగ్‌లో ముఖ్యంగా మూడు రకాలు చూస్తాం. పౌడర్‌లో చిక్కుకున్న గ్యాస్ వల్ల వచ్చే చిన్న గుండ్రటి పోర్స్, లేజర్ పవర్ ఎక్కువై లోతుగా తవ్వడం వల్ల వచ్చే కీహోల్ పోర్స్, లేయర్ సరిగ్గా కరిగి కలవకపోతే వచ్చే ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్. మూడోది బల్లపరుపుగా, లేయర్‌కి సమాంతరంగా పడుకుని ఉంటుంది, అంటే బిల్డ్ డైరెక్షన్‌లో (లేయర్లు ఒకదాని మీద ఒకటి పేరుకునే దిశలో) పంపిన బీమ్‌కి అద్దంలా ఎదురొస్తుంది, పక్క నుంచి పంపితే బ్లేడు అంచు చూసినట్టు ఏమీ కనపడదు. గుండ్రటి పోర్ ఎటు నుంచి చూసినా ఒకేలా, కానీ బలహీనంగా కనపడుతుంది. ఇంకో సంగతి, అవుట్‌లైన్ గీసే కాంటూర్ స్కాన్‌కీ లోపల నింపే హ్యాచ్‌కీ మధ్య అతుకు సరిగ్గా కుదరకపోతే సర్ఫేస్ కిందే పోర్స్ వరసగా వస్తాయి, ఫటీగ్ క్రాక్ (పదేపదే లోడ్ పడి వచ్చే పగులు) మొదలవ్వడానికి అదే ఇష్టమైన చోటు.

గరుకు ఎంత, అది ఎలా కొలిచారు. లేజర్ పౌడర్ బెడ్‌లో పక్క గోడల ఆర్‌ఏ (గరుకు సగటు ఎత్తు) మామూలుగా 5 నుంచి 20 మైక్రాన్లు, ఎలక్ట్రాన్ బీమ్‌లో పౌడర్ పెద్దది, లేయర్ మందం కాబట్టి 20 నుంచి 35 దాకా పోతుంది, కిందకి వేలాడే డౌన్‌స్కిన్ అన్నిటికంటే ఘోరం. వైర్ ఆర్క్ (తీగని ఆర్క్‌తో కరిగించి పేర్చే పద్ధతి) అయితే గరుకు అనే మాట చాలదు, ఒక్కో లేయర్ 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తు కాబట్టి అవి అలలు. ఇక్కడ ఒక తప్పు మళ్లీ మళ్లీ చూస్తుంటాను, రఫ్‌నెస్ టెస్టర్‌లో కటాఫ్ (ఇంతకంటే పొడవైన అలల్ని గరుకుగా లెక్కించని హద్దు) 0.8 మిల్లీమీటర్ల దగ్గరే వదిలేసి కొలిచేస్తారు, 2021లో ఐఎస్ఓ 21920-3 వచ్చేదాకా నడిచిన ఐఎస్ఓ 4288 పట్టిక ప్రకారం ఆర్‌ఏ 2 నుంచి 10 మైక్రాన్ల మధ్య ఉంటే 2.5 మిల్లీమీటర్లు, 10 దాటితే 8 మిల్లీమీటర్లు పెట్టాలి. చిన్న కటాఫ్ పెడితే రీడింగ్ తక్కువొస్తుంది, సర్ఫేస్ బాగుందనుకుంటాం. సౌండ్‌కి లెక్కలోకి వచ్చేది ఆర్‌ఏ కాదు ఆర్‌క్యూ (ఎత్తుల వర్గాల సగటుకి వర్గమూలం), అది ఆర్‌ఏ కంటే సుమారు పావు వంతు దాకా ఎక్కువ ఉంటుంది. అంటుకున్న సగం కరిగిన పౌడర్ గుండ్ల కిందకి స్టైలస్ ముల్లు వెళ్లదు కాబట్టి నిజమైన సర్ఫేస్ ఇంకా కొంచెం అధ్వానం అనే అనుకోండి.

ఆకారం. సమతలం ఒక్కటైనా ఉందా, అది ఎటువైపు. దీని గురించి కింద మళ్లీ చెప్తాను, నాకు ఇది చాలా ఇష్టమైన విషయం.

## గరుకు వల్ల ఎంత పోతుంది: లెక్క

సౌండ్ పంపి వినే ప్రోబ్‌నీ జాబ్‌నీ నీళ్లలో ముంచి చూస్తే (ఇమ్మర్షన్), సౌండ్ నీళ్లలోంచి మెటల్‌లోకి దూరాలి. నీళ్లలో సౌండ్ వేగం సెకనుకి సుమారు 1480 మీటర్లు, టైటానియంలో సుమారు 6100. 10 మెగాహెర్ట్జ్ దగ్గర నీళ్లలో వేవ్‌లెంగ్త్ 0.15 మిల్లీమీటర్లే, అదే టైటానియంలో 0.61. అంటే గరుకు వల్ల వచ్చే గొడవంతా నీళ్ల వైపు నుంచే, ఎందుకంటే 15 మైక్రాన్ల గుట్ట నీళ్లలోని వేవ్‌కి పదో వంతు, మెటల్‌లోని వేవ్‌కి నలభయ్యో వంతు.

ఇప్పుడు గమనించాల్సింది ఇది. సర్ఫేస్ మీద తగిలి వెనక్కొచ్చే సౌండ్ గుంత దిగి మళ్లీ పైకి రావాలి, ఆ తేడా రెండింతలు అవుతుంది. లోపలికి దూరే సౌండ్‌కి అలా కాదు, గుంత దగ్గర నీళ్లలో కొంచెం ఎక్కువ దూరం పోతుంది కానీ ఆ మేరకి మెటల్‌లో తక్కువ పోతుంది, కాబట్టి తేడా కొంతవరకు సర్దుకుపోతుంది. అందుకే 10 మెగాహెర్ట్జ్, ఆర్‌క్యూ 15 మైక్రాన్ల దగ్గర ఫ్రంట్ వాల్ ఎకో (పై సర్ఫేస్ నుంచి వెనక్కొచ్చే సౌండ్) 7 డీబీ (డెసిబెల్స్; 6 డీబీ పడితే సిగ్నల్ ఎత్తు సగం) పడిపోతే, లోపలికి వెళ్లి తిరిగొచ్చిన సిగ్నల్ పోగొట్టుకునేది 2 డీబీ మాత్రమే. స్క్రీన్ మీద ఫ్రంట్ ఎకో సగం కంటే చిన్నదైపోయింది కాబట్టి లోపల ఏమీ కనపడదు అనుకోవడం ఇక్కడే తప్పుతుంది.

లోపలికెళ్లి బయటికొచ్చే సిగ్నల్‌కి నష్టం ఈ పట్టికలో ఉంది. నీళ్లలో ఇమ్మర్షన్, బీమ్ నిటారుగా, గరుకు ఒక క్రమం లేకుండా ఉంది అనుకుని వేసినవి:

| ఆర్‌క్యూ | 5 మెగాహెర్ట్జ్ | 10 మెగాహెర్ట్జ్ | 15 మెగాహెర్ట్జ్ |
|---|---|---|---|
| 10 మైక్రాన్లు | 0.2 డీబీ | 0.9 డీబీ | 2 డీబీ |
| 15 మైక్రాన్లు | 0.5 డీబీ | 2 డీబీ | 4.5 డీబీ |
| 20 మైక్రాన్లు | 0.9 డీబీ | 3.6 డీబీ | 8 డీబీ |
| 30 మైక్రాన్లు | 2 డీబీ | 8 డీబీ | 18 డీబీ |

నష్టం ఫ్రీక్వెన్సీ వర్గంతోనూ గరుకు వర్గంతోనూ పెరుగుతుంది, అంటే గరుకు రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ సగం చేస్తే మళ్లీ మొదటికొస్తాం. స్టీల్ అయినా అల్యూమినియం అయినా అంకెలు దాదాపు ఇవే, మెటల్ మారితే పెద్దగా మారదు. 8 డీబీ పైన ఉన్నవాటిని మాత్రం అంకెలుగా నమ్మకండి, అక్కడ "వద్దు" అని చదువుకోండి. అవతలి గోడ గరుకుగా ఉంటే భయం ఇంకా తక్కువ, ఆ వైపు సౌండ్ మెటల్‌లోనే ఉంటుంది, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మైక్రాన్లకి అర డీబీ కూడా పోదు.

పట్టికలో లేనిది నాయిస్. పోయిన సౌండ్ మాయమవ్వదు, గరుకు మీద చెల్లాచెదురై ఫ్రంట్ ఎకో వెనక తోకలా కొంతసేపు వస్తూనే ఉంటుంది. ఆ తోక కింద ఉన్న మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు మీకు కనపడవు, గెయిన్ పెంచితే తోక కూడా అంతే పెరుగుతుంది. లోతు లోపానికి గరుకు అంటే కొన్ని డీబీల లోటు, దాన్ని కాలిబ్రేషన్‌తో పూడ్చుకోవచ్చు. పైపొర లోపానికి అది గుడ్డితనం, దాన్ని ఏ నాబ్ తిప్పి పూడ్చలేం.

## ఒక్కో దారి

### ఉన్నదున్నట్టు, కాంటాక్ట్ ప్రోబ్‌తో

చవక, త్వరగా అయిపోతుంది, సైట్‌లోనే చేయొచ్చు. గ్లిసరిన్ లాంటి చిక్కటి కప్లెంట్ (ప్రోబ్‌కీ జాబ్‌కీ మధ్య పూసే ద్రవం) వాడితే ఇంకో లాభం ఉంది, గ్లిసరిన్‌లో సౌండ్ వేగం 1900 పైన కాబట్టి టైటానియం మీద పై పట్టికలోని నష్టం సుమారు సగానికి తగ్గుతుంది. కానీ చేత్తో నొక్కే ఒత్తిడి మారిన ప్రతిసారీ కప్లెంట్ పొర మందం మారుతుంది, సిగ్నల్ ఊగుతుంది, ఒకే చోట మూడుసార్లు పెడితే మూడు ఎత్తులొస్తాయి, సైజింగ్ మీద నమ్మకం పోతుంది. ప్రోబ్ ముఖం కూడా త్వరగా అరిగిపోతుంది. మందం కొలవడానికో, పెద్ద ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ ఉందా లేదా అని మొదటి వడపోతకో పనికొస్తుంది. యాక్సెప్ట్ రిజెక్ట్ దీంతో తేల్చొద్దు.

### ఉన్నదున్నట్టు, ఇమ్మర్షన్‌లో

పౌడర్ బెడ్ జాబ్, మందం ఒక 10 మిల్లీమీటర్లు దాటింది, లోపల ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ ఉందేమో అని చూడాలి అంటే నేను ముందు ఇక్కడికే వస్తాను. కప్లింగ్ అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది, స్కానర్ పెడితే సీ-స్కాన్ మ్యాప్ (పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మ) వస్తుంది, ఆ మ్యాప్‌లో సర్ఫేస్ నాయిస్‌కీ నిజమైన ఇండికేషన్‌కీ తేడా కంటికే తెలుస్తుంది, గరుకు వల్ల వచ్చేది ఇసక చల్లినట్టు అంతటా ఉంటుంది, లోపం ఒక చోట కుదురుగా ఉంటుంది.

ఫ్రీక్వెన్సీ దగ్గరే బేరం. లోపం వేవ్‌లెంగ్త్‌లో సగం కంటే చిన్నదైతే పట్టడం కష్టం అనేది మనందరం వాడే అంచనా. టైటానియంలో 5 మెగాహెర్ట్జ్‌కి అది 0.6 మిల్లీమీటర్లు, 10కి 0.3. లేజర్ పౌడర్ బెడ్ సర్ఫేస్‌కి 10 దగ్గర బతికేయొచ్చు, ఎలక్ట్రాన్ బీమ్ సర్ఫేస్‌కి 5కి దిగాల్సిందే, దిగితే చిన్న పోర్స్ వదులుకున్నట్టే. అది మీ డిజైన్ వాళ్లకి ముందే చెప్పి, ఒప్పుకున్నట్టు రాయించుకోండి.

ఇక ఆ ఇష్టమైన విషయం. బిల్డ్ ప్లేట్ నుంచి జాబ్‌ని వైర్ ఈడీఎంతో (కరెంట్ స్పార్క్‌లతో కోసే సన్నటి తీగతో) కోస్తారు కదా, ఆ కోసిన ముఖం పక్క గోడల కంటే ఎంతో నున్నగా, సమతలంగా ఉంటుంది, పైగా అక్కడి నుంచి పంపిన బీమ్ సరిగ్గా బిల్డ్ డైరెక్షన్‌లో పోతుంది, పడుకుని ఉన్న ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్‌కి నిటారుగా తగుల్తుంది. అన్నిటికంటే మంచి ముఖం, అన్నిటికంటే మంచి దిశ, రెండూ ఒకే చోట ఊరికే దొరుకుతున్నాయి, అయినా ఎంతమంది పక్క గోడల మీద ప్రోబ్ పెట్టి కుస్తీ పడుతుంటారో. సపోర్ట్ల మీద వంకరగా ప్రింట్ చేసిన జాబ్‌కి ఈ సౌకర్యం ఉండదు, దానికి వేరే దారి చూడాలి.

### బ్లాస్టింగ్ లేదా టంబ్లింగ్ చేసి

మధ్యేమార్గం. బీడ్ బ్లాస్టింగ్ అంటుకున్న పౌడర్ గుండ్లని రాల్చేస్తుంది, పదునైన శిఖరాలు అణుగుతాయి, 10 మెగాహెర్ట్జ్ వాడుకునే స్థితికి తెస్తుంది. కింద ఉన్న పెద్ద అలలు అలాగే ఉంటాయి. బయటికి తెరుచుకున్న పోర్ నోళ్లు మెటల్ జారి మూసుకుపోవచ్చు, కాబట్టి డై పెనెట్రెంట్ (రంగు ద్రవం ఇంకించి పై పగుళ్లు చూసే పరీక్ష) కూడా చేయాల్సి ఉంటే ఏది ముందో ఆలోచించుకోండి.

### మెషినింగ్ చేసి, తర్వాత యూటీ

స్టీల్ ఫోర్జింగ్‌లకి వాడే ఏఎస్‌టీఎం ఏ388 లో సర్ఫేస్ 6 మైక్రాన్ల కంటే గరుకు ఉండకూడదని ఉంటుంది. మనం దశాబ్దాలుగా అలవాటు పడిన యూటీ ప్రొసీజర్లన్నీ అలాంటి సర్ఫేస్ కోసం రాసినవే. మెషినింగ్ చేస్తే మళ్లీ ఆ పాత పరిచయమైన లోకంలోకి వస్తాం, 15 మెగాహెర్ట్జ్ దాకా పోవచ్చు, పైపొర తోక తగ్గుతుంది. ముఖ్యంగా మిల్లీమీటర్ అలవెన్స్ (తీసేయడానికే ముందు పెట్టే అదనపు మెటల్) ఇచ్చి తీసేస్తే కాంటూర్ కింద పోర్స్ ఉండే పొర చిప్స్‌తో పాటే పోతుంది, వెతకాల్సిన పనే తగ్గుతుంది.

నష్టాలు కూడా చిన్నవి కావు. ఖర్చు, టైమ్ సరే, అసలు మెషినింగ్‌కి టూల్ అందని ఆకారం కాబట్టే ప్రింట్ చేశారు. అలవెన్స్ డిజైన్‌లోనే పెట్టకపోతే తర్వాత తీయడానికి మెటల్ ఉండదు. అంతకుముందు లోపల మూసుకుని ఉన్న పోర్ మెషినింగ్‌తో సర్ఫేస్‌కి తెరుచుకోవచ్చు, అప్పుడు అది ఇంకా ప్రమాదం. కాబట్టి నేను చెప్పేది, మొత్తం జాబ్ అక్కర్లేదు, బీమ్ దూరాల్సిన ఒక్క ముఖం స్కిమ్ కట్ (పైపైన పల్చటి కోత) చేయిస్తే చాలు, అవతలి గోడ గరుకుగా ఉన్నా పర్లేదని పైన చూశాం కదా.

### ఫేజ్డ్ అర్రే, సర్ఫేస్‌ని బట్టి సర్దుకునే టీఎఫ్ఎం

ఫేజ్డ్ అర్రే అంటే చాలా చిన్న ఎలిమెంట్లు ఉన్న ప్రోబ్, టీఎఫ్ఎం (టోటల్ ఫోకసింగ్ మెథడ్) అంటే వాటి సిగ్నల్స్‌తో ప్రతి పాయింట్‌నీ ఫోకస్ చేసే లెక్క. ఇది వైర్ ఆర్క్, డీఈడీ (మెటల్‌ని అక్కడికక్కడే కరిగించి పేర్చే పద్ధతులు) వాళ్లది. గరుకు వేరు, అల వేరు అని ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. వేవ్‌లెంగ్త్ కంటే వెడల్పైన అల లెన్స్‌లా బీమ్‌ని వంచుతుంది, ఆ వంపు ఎంతో లెక్క కట్టి సరిచేయొచ్చు, అడాప్టివ్ టీఎఫ్ఎం చేసేది అదే, ముందు ఫ్రంట్ ఎకోలతో సర్ఫేస్ ఆకారం గీసుకుని, ఆ ఆకారం నుంచి ప్రతి పాయింట్‌కి టైమ్ లెక్కేసి ఫోకస్ చేస్తుంది. కానీ వేవ్‌లెంగ్త్ కంటే బాగా సన్నటి గరుకుని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. ఫేజ్డ్ అర్రే కొంటే ఎలక్ట్రాన్ బీమ్ జాబ్ గరుకు సమస్య తీరిపోతుంది అని ఎవరైనా చెప్తే అది నిజం కాదు. స్కాట్లాండ్‌లో స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీ వాళ్లు వైర్ ఆర్క్ గోడల మీద కప్లెంట్ అవసరం లేని టైరు లాంటి రోలర్ ప్రోబ్‌ని రోబోతో నడిపి, బిల్డ్ జరుగుతుండగానే చూసే పని చేశారు, ఆ మెత్తటి టైరు అలల మీద ఒదుగుతుంది. పెద్ద గోడ మొత్తం కట్టాక రిజెక్ట్ చేయడం కంటే మధ్యలోనే పట్టుకోవడం ఎంత మేలో చెప్పక్కర్లేదు.

### లేజర్ అల్ట్రాసోనిక్స్

లేజర్‌తోనే సౌండ్ పుట్టించి, లేజర్‌తోనే వింటారు, కప్లెంట్ ఉండదు, ముట్టుకోదు, వేడి జాబ్ మీద కూడా పని చేస్తుంది. గరుకు సర్ఫేస్ లేజర్‌ని బాగానే పీల్చుకుంటుంది కాబట్టి సౌండ్ పుట్టించడం ఇబ్బంది కాదు, ఇబ్బందంతా వినడంలో, తిరిగొచ్చే కాంతి స్పెకిల్‌గా (చుక్కచుక్కలుగా) చెదిరిపోతుంది, టూ వేవ్ మిక్సింగ్ లాంటి ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతితో సర్ఫేస్ కంపనాన్ని కొలిచే పరికరం) కావాలి, అది ఖరీదు. పైపొర లోపాల కోసం సర్ఫేస్ వేవ్ వాడొచ్చు, దాని శక్తి దాదాపు ఒక వేవ్‌లెంగ్త్ లోతులోనే ఉంటుంది, అయితే అదే వేవ్ గరుకు మీద కూడా చెదురుతుంది. రీసెర్చ్ ల్యాబ్‌లకీ, బిల్డ్ జరుగుతుండగా చూడాలనుకునేవాళ్లకీ మంచిది. నెలకి పది జాబులు చూసే షాప్‌కి నేను చెప్పను.

### ఎక్స్‌రే సీటీ

గరుకు గురించి పట్టించుకోదు, లోపలి చానెల్స్, లాటిస్ (జాలీ లాంటి అల్లిక) అన్నీ కనపడతాయి. కానీ సీటీ అంటే అన్నీ కనపడ్డట్టే అనే నమ్మకం ఉంది చూశారా, దాన్ని ఒకసారి లెక్కతో పరీక్షించండి. 200 మిల్లీమీటర్ల వెడల్పు జాబ్, డిటెక్టర్ అడ్డంగా 2000 పిక్సెల్స్ అయితే వోక్సెల్ (3డీ బొమ్మలో ఒక చిన్న గడి) 100 మైక్రాన్లు. ఒక పోర్ నమ్మకంగా కనపడాలంటే మూడు వోక్సెల్స్ అయినా కావాలి, అంటే 0.3 మిల్లీమీటర్లు, మన 10 మెగాహెర్ట్జ్ అంచనా కూడా అంతే. పైగా పల్చటి ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ సందు వోక్సెల్ కంటే సన్నగా ఉంటే సీటీ దాన్ని దాటేస్తుంది, యూటీకి అదే అద్దంలా మెరుస్తుంది. నికెల్ అల్లాయ్ మందంగా ఉంటే ఎక్స్‌రే దూరడమే కష్టం.

## పక్కపక్కన పెడితే

| దారి | లోతు లోపం | పైపొర లోపం | ఏ సర్ఫేస్ దాకా | ఖర్చు |
|---|---|---|---|---|
| కాంటాక్ట్, ఉన్నదున్నట్టు | పెద్దవి మాత్రమే | కాదు | 10 నుంచి 15 మైక్రాన్లు | తక్కువ |
| ఇమ్మర్షన్, ఉన్నదున్నట్టు | బాగుంది | కాదు | 10 మెగాహెర్ట్జ్‌కి 15, 5కి 30 | మధ్యస్థం |
| ఒక ముఖం మెషినింగ్, ఇమ్మర్షన్ | చాలా బాగుంది | బాగుంది | సమస్య లేదు | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| అడాప్టివ్ టీఎఫ్ఎం | బాగుంది | కొంత | అలలకి సరే, సన్నటి గరుకుకి కాదు | ఎక్కువ |
| లేజర్ | కొంత | బాగుంది | గరుకు తట్టుకుంటుంది | చాలా ఎక్కువ |
| సీటీ | చిన్న జాబ్‌కి బాగుంది | బాగుంది | సమస్య లేదు | చాలా ఎక్కువ |

## మీరు ఎవరైతే ఏది

టైటానియం బ్రాకెట్, మందంగా, లేజర్ పౌడర్ బెడ్. కోసిన ముఖం నుంచి 10 మెగాహెర్ట్జ్ ఇమ్మర్షన్. ఫటీగ్ లోడ్ పడే చోట్లు ఎలాగూ మెషినింగ్ అవుతాయి, అక్కడ అయ్యాక ఇంకోసారి.

ఎలక్ట్రాన్ బీమ్‌లో చేసిన తుంటి ఇంప్లాంట్ కప్. ఎముక అల్లుకోవడానికి బయటి పొరని కావాలనే రంధ్రాలుగా చేస్తారు, దాన్ని మెషినింగ్ చేస్తే పార్ట్ ప్రయోజనమే పోతుంది, యూటీ అందులోంచి దూరదు. సీటీ, ఇంకో మాట లేదు.

రాకెట్ ఇంజన్ పార్ట్స్. 2024 మే 9న ఇస్రో ప్రింట్ చేసిన పీఎస్4 (పీఎస్ఎల్‌వీ నాలుగో దశ) ఇంజన్‌ని 665 సెకన్లు మండించి చూసింది, 14 ముక్కలు ఒక్కటైపోయి 19 వెల్డ్ జాయింట్లు పోయాయి. ఇన్‌స్పెక్షన్ వైపు నుంచి చూస్తే, ముక్కలుగా ఉన్నప్పుడు ప్రతి ముక్కనీ విడిగా, ప్రతి వెల్డ్‌నీ తెలిసిన చోట చూసుకునేవాళ్లం, ఇప్పుడు లోపం ఎక్కడైనా ఉండొచ్చు, లోపలి చానెల్ గోడలు ప్రింట్ అయిన గరుకుతోనే ఉండిపోతాయి. హైదరాబాద్‌లో స్కైరూట్ లాంటి వాళ్లు కూడా ప్రింట్ చేసిన ఇంజన్ల మీదే పని చేస్తున్నారు కాబట్టి మన దగ్గర ల్యాబులకి ఈ ప్రశ్న ఇంకా ఎక్కువ వస్తుంది. చానెల్స్ ఉన్న భాగానికి సీటీ, మందమైన ఫ్లాంజ్‌లకి మెషినింగ్ తర్వాత యూటీ, రెండూ కలిపి ప్లాన్ చేయండి, ఏ ఒక్కటీ మొత్తానికి సరిపోదు.

వైర్ ఆర్క్ పెద్ద జాబ్. సీటీలో పట్టదు. పై ముఖం మిల్లింగ్ చేసి ఫేజ్డ్ అర్రే, బడ్జెట్ ఉంటే అడాప్టివ్ టీఎఫ్ఎం.

## ఏ దారిలో వెళ్లినా, కాలిబ్రేషన్ బ్లాక్

ఒకసారి మా చేతికి వచ్చిన టైటానియం జాబ్‌ని నేనే రోల్డ్ బార్‌తో చేసిన నున్నటి బ్లాక్ (సెన్సిటివిటీ సరిచూసుకునే ముక్క) మీద సెట్ చేసి చూశాను. అంతా క్లీన్. తర్వాత బ్యాక్ వాల్ (అవతలి గోడ) ఎకో ఎత్తులు పోల్చుకుంటే జాబ్‌లో చాలా తక్కువగా ఉంది, అంటే నేను అనుకున్న సెన్సిటివిటీలో లేనే లేను. రిపోర్ట్ వెనక్కి తీసుకుని మళ్లీ చేయాల్సి వచ్చింది, ఆ రోజు నుంచి ఈ విషయంలో రాజీ పడను. బ్లాక్ అదే మెషిన్‌లో, అదే పౌడర్‌తో, అదే దిశలో ప్రింట్ అవ్వాలి, బీమ్ దూరే ముఖం జాబ్ ముఖంలాగే ఉండాలి. ప్రింట్ చేసిన మెటల్‌లో గ్రెయిన్స్ బిల్డ్ డైరెక్షన్‌లో పొడుగ్గా పెరుగుతాయి కాబట్టి నిలువుకీ అడ్డానికీ వేగం, నాయిస్ రెండూ మారతాయి, రోల్డ్ బార్ దానికి బదులు కాదు. అలాంటి బ్లాక్ లేకపోతే కనీసం బ్యాక్ వాల్‌తో ట్రాన్స్‌ఫర్ కరెక్షన్ (వాడిన బ్లాక్‌కీ జాబ్‌కీ ఉన్న సిగ్నల్ తేడాని సరిచేయడం) చేయండి, జాబ్ మీద ఒక్క చోట కాదు, పది పన్నెండు చోట్ల చూసి, ఎంత ఊగుతోందో కూడా రాయండి. ఆ ఊగడం 6 డీబీ దాటితే ఆ ముఖం మీద యాక్సెప్ట్ రిజెక్ట్ చేయను, ఇది నా సొంత గీత, స్టాండర్డ్‌లోది కాదు.

స్టాండర్డ్ కావాలంటే ఏరోస్పేస్ వాళ్లకి ఏఎస్‌టీఎం ఈ3166 గైడ్ ఉంది, బిల్డ్ అయ్యాక ఏ లోపానికి ఏ పద్ధతి సరిపోతుందో అందులో చూసుకోవచ్చు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడే ప్రింటింగ్ వాళ్లకి మూడు లైన్లు రాసి పంపండి: ప్లేట్ నుంచి కోసిన ముఖాన్ని బ్లాస్టింగ్ చేయకుండా అలాగే వదలండి, ఆ ముఖం మీద బిల్డ్ డైరెక్షన్ బాణం గుర్తు పెట్టండి, అదే ప్లేట్ మీద మా కోసం ఒక బ్లాక్ కూడా ప్రింట్ చేయండి. జాబ్ వచ్చాక అడిగితే ఈ మూడింట్లో ఒక్కటీ దొరకదు.